హ్యాండ్‌సెట్ పవర్ యాంప్లిఫయర్‌కు ఏ చిప్? ఆర్‌ఎఫ్ మైక్రో డివైసెస్ ఎదిగిన కాలం నేర్పే లెక్కలు

తొలితరం డిజిటల్ ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు బ్యాటరీని అన్నిటికన్నా ఎక్కువగా తాగేసేది పవర్ యాంప్లిఫయర్. వాడుకలో దాన్ని పీఏ అంటారు. యాంటెన్నాకు సిగ్నల్ పంపే దారిలో ఆఖరి చిప్ అదే. దాన్ని ఏ పదార్థంతో, ఏ రకం ట్రాన్సిస్టర్‌తో చేశారన్నదాన్ని బట్టి టాక్ టైమ్, ఫోన్ వేడి, బోర్డు మీద పట్టే జాగా, ధర అన్నీ మారిపోయేవి. 1990ల రెండో సగంలో ఫోన్ తయారీదారులు ఈ ఎంపిక దగ్గరే తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆ ఎంపికలో సరైన పక్కన నిలబడి పెరిగిన కంపెనీ ఆర్‌ఎఫ్ మైక్రో డివైసెస్. 1991లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, గ్రీన్స్‌బరోలో బిల్ ప్రాట్, పావెల్ సీమోర్, జెర్రీ నీల్ దాన్ని మొదలుపెట్టారు. ముగ్గురూ అంతకుముందు అనలాగ్ డివైసెస్‌లో పనిచేసినవాళ్లు.

అప్పటి లెక్కలు ఇప్పటికీ పనికొస్తాయి. ఈసీఈ విద్యార్థులకు, 2జీ మాడ్యూల్‌తో వాహన ట్రాకర్లు, మీటర్లు తయారుచేసేవాళ్లకు, పాత ఫోన్లలో ఆర్‌ఎఫ్ సెక్షన్ రిపేరు చేసేవాళ్లకు ఈ పోలిక ఉపయోగపడాలని రాస్తున్నాం.

ముందు మీ సిగ్నల్ ఏమిటో తేల్చుకోండి

పీఏ ఎంపిక చిప్ దగ్గర మొదలవదు, మాడ్యులేషన్ (మాటను రేడియో తరంగం మీద ఎక్కించే తీరు) దగ్గర మొదలవుతుంది. జీఎస్ఎంలో వాడే జీఎంఎస్‌కే మాడ్యులేషన్‌లో సిగ్నల్ ఎత్తు మారదు, ఫేజ్ మాత్రమే మారుతుంది. కాబట్టి పీఏను పూర్తి సాచురేషన్‌లోకి, అంటే అవుట్‌పుట్ ఇక పెరగలేనంత దాకా, నెట్టి నడపొచ్చు. ఎక్కువ ఎఫిషియన్సీ (బ్యాటరీ పవర్‌లో సిగ్నల్‌గా మారే వాటా) వచ్చేది అక్కడే. ఇంకో ఫోన్ పద్ధతి సీడీఎంఏ (ఐఎస్-95) సంగతి వేరు. అక్కడ సిగ్నల్ ఎత్తు క్షణక్షణం మారుతుంది. శిఖరాలను పీఏ నలిపేస్తే పక్క ఛానెల్‌లోకి చెత్త చిమ్ముతుంది. మధ్య ఫ్రీక్వెన్సీకి 885 కిలోహెర్ట్జ్ దూరంలో ఆ చెత్త అసలు సిగ్నల్ కన్నా 42 డీబీ (డెసిబెల్) కింద ఉండాలి. అంటే సాచురేషన్‌కు కాస్త వెనక్కి తగ్గి లీనియర్‌గా (సిగ్నల్ ఆకారం చెడకుండా) నడపాలి, ఎఫిషియన్సీని కొంత వదులుకోవాలి.

ఈ రెండు దారులూ మన దగ్గర పక్కపక్కనే నడిచాయి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ జీఎస్ఎం సేవలిచ్చాయి. టాటా టెలీసర్వీసెస్ సీడీఎంఏను ఇదే సర్కిల్‌లో మొదలుపెట్టింది. తర్వాత రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు ఊరూరా చేరాయి. పై డబ్బా చూస్తే ఒకేలా ఉన్న రెండు ఫోన్ల లోపల పీఏలు మాత్రం వేర్వేరు అవసరాలకు కట్టినవి.

అసలు లెక్క

జీఎస్ఎం 900 హ్యాండ్‌సెట్ యాంటెన్నా దగ్గర గరిష్ఠంగా 33 డీబీఎం, అంటే 2 వాట్లు ఇవ్వాలి. పీఏకూ యాంటెన్నాకూ మధ్య స్విచ్, హార్మోనిక్ ఫిల్టర్, కనెక్టర్ కలిసి 1.5 నుంచి 2 డీబీ తినేస్తాయి. అందుకే పీఏ 35 డీబీఎం దాకా ఇవ్వగలగాలి. అది 3.16 వాట్లు. ఎఫిషియన్సీ 55 శాతమైతే బ్యాటరీ నుంచి లాగేది 5.75 వాట్లు, 3.5 వోల్టుల దగ్గర 1.64 ఆంపియర్లు. 45 శాతమైతే 7 వాట్లు, 2 ఆంపియర్లు.

జీఎస్ఎం ఫోన్ 4.615 మిల్లీసెకన్ల ఫ్రేములో ఎనిమిదో వంతు, 577 మైక్రోసెకన్లు మాత్రమే పంపుతుంది. కాబట్టి సగటు కరెంటు మొదటిదానికి సుమారు 205 మిల్లీఆంపియర్లు, రెండోదానికి 250. మిగతా ఫోన్‌కు 100 మిల్లీఆంపియర్లు పోతుందనుకుంటే, 900 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీ మీద, పూర్తి పవర్‌లో మాట్లాడితే, ఆ 10 శాతం తేడా 20 నిమిషాల టాక్ టైమ్‌కు పైనే. టవర్ దూరంగా ఉన్న ఊళ్లలో ఫోన్ పూర్తి పవర్‌లోనే ఉంటుంది, కాబట్టి ఆ తేడా బాగా తెలిసేది.

ఇంకో లెక్క తక్కువమంది వేస్తారు, కానీ కొంప ముంచేది అదే. 3.5 వోల్టుల సప్లై మీద 3.16 వాట్లు రావాలంటే ట్రాన్సిస్టర్ చూడాల్సిన లోడ్ 1.5 ఓమ్ దగ్గర ఉండాలి. సప్లై నుంచి సాచురేషన్ వోల్టేజీని తీసేసి, వర్గం చేసి, అవుట్‌పుట్ పవర్‌కు రెట్టింపుతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. ఆ 1.5 ఓమ్‌ను 50 ఓమ్‌లకు మార్చే మ్యాచింగ్‌లో చౌక కెపాసిటర్ పెట్టి, దాని సిరీస్ రెసిస్టెన్స్ 0.1 ఓమ్ ఉందనుకోండి, 6 శాతం పవర్ అక్కడే వేడిగా పోతుంది. ఖరీదైన పీఏ కొని, మ్యాచింగ్ కెపాసిటర్ దగ్గర పొదుపు చేయడంలో అర్థం లేదు. హై-క్యూ (సిరీస్ రెసిస్టెన్స్ తక్కువున్న) కెపాసిటర్లే వాడండి.

గాలియం ఆర్సెనైడ్ మెస్‌ఫెట్

గాలియం ఆర్సెనైడ్ సిలికాన్‌కు బదులు వాడే పదార్థం, మెస్‌ఫెట్ గేటు వోల్టేజీతో కరెంటును నియంత్రించే ట్రాన్సిస్టర్. 1990ల మధ్యలో పీఏ అంటే చాలామందికి ఇదే. తక్కువ వోల్టేజీ దగ్గర కూడా ఎఫిషియన్సీ బాగుంటుంది, గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) బాగుంటుంది. ట్రైక్వింట్, అనాడిజిక్స్ లాంటి కంపెనీలు దీని మీదే నిలబడ్డాయి.

కానీ అప్పటి మెస్‌ఫెట్లు డిప్లీషన్ రకం. గేటుకు ఏమీ ఇవ్వకపోతే పూర్తిగా ఆన్‌లో ఉంటాయి. ఆఫ్ చేయాలంటే గేటుకు నెగెటివ్ వోల్టేజీ కావాలి. ఫోన్‌లో ఉండేది ఒక్క పాజిటివ్ బ్యాటరీ. కాబట్టి నెగెటివ్ వోల్టేజీ పుట్టించే ఛార్జ్ పంప్ ఒకటి, డ్రెయిన్‌కు వరుసలో ఒక పీ-ఛానెల్ మాస్ స్విచ్ ఒకటి అదనంగా పెట్టాలి. ఆ స్విచ్ రెసిస్టెన్స్ 0.1 ఓమ్ అయినా, 1.6 ఆంపియర్ల దగ్గర 0.16 వోల్టు పోయినట్టే. పైగా వరుస తప్పకూడదు: ముందు గేటుకు నెగెటివ్, తర్వాతే డ్రెయిన్‌కు సప్లై. ఆపేటప్పుడు దీనికి తలకిందులు. సాఫ్ట్‌వేర్ తప్పుతోనో, బ్యాటరీ కదిలినప్పుడో ఈ వరుస తారుమారైతే పీఏ కాలిపోతుంది.

గాలియం ఆర్సెనైడ్ హెచ్‌బీటీ

ఆర్‌ఎఫ్ మైక్రో డివైసెస్ పందెం కాసింది దీని మీదే. హెటెరోజంక్షన్ బైపోలార్ ట్రాన్సిస్టర్ అప్పటికి అంతరిక్ష, రక్షణ పరికరాల కోసం వాడే సాంకేతికత. కాలిఫోర్నియాలో టీఆర్‌డబ్ల్యూ అనే అంతరిక్ష, రక్షణ కంపెనీ దగ్గర ఆ ప్రాసెస్ ఉంది, సొంతంగా ఫోన్ చిప్‌ల వ్యాపారం లేదు. గ్రీన్స్‌బరో వాళ్ల దగ్గర డిజైన్ ఉంది, ఫ్యాబ్ (చిప్‌లు తయారుచేసే కర్మాగారం) లేదు. టీఆర్‌డబ్ల్యూ చిప్‌లు చేసి పెట్టింది, కంపెనీలో వాటా కూడా తీసుకుంది. 1996లో ఆ ప్రాసెస్‌ను సొంతంగా వాడుకునే లైసెన్సు ఇచ్చింది.

హెచ్‌బీటీ వల్ల ఫోన్ డిజైనర్‌కు కలిసొచ్చింది ఏమిటి? బేస్‌కు వోల్టేజీ ఇవ్వకపోతే కరెంటు ప్రవహించదు. కాబట్టి నెగెటివ్ సప్లై అక్కర్లేదు, డ్రెయిన్ స్విచ్ అక్కర్లేదు. బ్యాటరీని తిన్నగా కలెక్టర్‌కు కలపొచ్చు, ఆఫ్‌లో లీకేజీ మైక్రోఆంపియర్లలోనే. పాత బోర్డుతో పోలిస్తే మూడు నాలుగు విడిభాగాలు ఎగిరిపోయాయి. రెండోది, కరెంటు ఈ ట్రాన్సిస్టర్‌లో నిలువుగా పోతుంది. అందుకే అదే పవర్‌కు చిప్ చిన్నది. ఎమిటర్ వెడల్పు 2 మైక్రాన్ల దగ్గర ఉన్నా చాలు, మెస్‌ఫెట్ గేటుకు కావాల్సిన 0.5 మైక్రాన్ దరిదాపు సన్నటి గీతలు అక్కర్లేదు. మూడోది, లీనియారిటీ బాగుండటం. సీడీఎంఏకు ఇది సరిగ్గా సరిపోయింది.

దీని లోపాలూ తెలుసుకోవాలి. గాలియం ఆర్సెనైడ్ వేడిని సిలికాన్‌లో మూడో వంతే మోయగలదు. బైపోలార్ ట్రాన్సిస్టర్ వేడెక్కితే ఇంకా కరెంటు లాగుతుంది. పది ఎమిటర్ వేళ్లలో ఒకటి కాస్త ఎక్కువ వేడెక్కినా మొత్తం కరెంటు దానిలోకే దూరుతుంది. అందుకే ప్రతి వేలికీ బ్యాలస్ట్ రెసిస్టర్ పెడతారు. బోర్డు మీద మీరు చేయాల్సింది, పీఏ కింది గ్రౌండ్ ప్యాడ్‌కు వీలైనన్ని వయాలు (బోర్డు పొరలను కలిపే రాగి పూత రంధ్రాలు) వేయడం, సోల్డర్‌లో గాలి బుడగలు లేకుండా చూడటం. ఆ ప్యాడ్ కింద సగం ఖాళీగా ఉంటే, బెంచ్ మీద బాగా పనిచేసిన ఫోన్ ఎండాకాలంలో పవర్ పడిపోతుంది.

ఇంకోటి బయాస్, అంటే ట్రాన్సిస్టర్‌ను పనికి సిద్ధంగా ఉంచే స్థిర వోల్టేజీ. ఈ ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ వోల్టేజీ 1.3 వోల్టుల పైనే. సాధారణ బయాస్ సర్క్యూట్‌లో రెండు జంక్షన్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అంటే సుమారు 2.7 వోల్టులు. గడ్డకట్టే చలిలో ఒక్కో జంక్షన్ వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. రిఫరెన్సు రెగ్యులేటర్ 2.7 దగ్గరే ఆగిపోతే పీఏ ఆకలితో మాడుతుంది, గెయిన్ పోతుంది. డేటాషీట్ 2.8 వోల్టులు అడిగితే 2.8 ఇవ్వండి, ఉంది కదా అని 2.7 రెగ్యులేటర్ పెట్టకండి.

సిలికాన్ ఎల్‌డీమాస్

హిటాచీ లాంటి జపాన్ కంపెనీలు జీఎస్ఎంకు ఎల్‌డీమాస్ అనే రకం సిలికాన్ మాస్‌ఫెట్ మాడ్యూళ్లు ఇచ్చాయి, అవి విరివిగా అమ్ముడయ్యాయి. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. గేటుకు సున్నా ఇస్తే ఆఫ్, కాబట్టి హెచ్‌బీటీకున్న సుఖం దీనికీ ఉంది. వేడెక్కితే కరెంటు తగ్గుతుందే తప్ప పరుగెత్తదు. యాంటెన్నా విరిగిపోయి లోడ్ తప్పినా ఓర్చుకుంటుంది. అప్పట్లో గాలియం ఆర్సెనైడ్ వేఫర్ 4 అంగుళాలదైతే సిలికాన్‌ది 8 అంగుళాలు, వైశాల్యంలో నాలుగింతలు.

వెనకబడేది 1800 మెగాహెర్ట్జ్ దగ్గర. అక్కడ గెయిన్, ఎఫిషియన్సీ రెండూ తగ్గుతాయి. బ్యాటరీ 3.2 వోల్టులకు దిగితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఒక్క 900 బ్యాండ్ ఫోన్‌కు ఇది మంచి ఎంపికే. డ్యుయల్ బ్యాండ్, ట్రై బ్యాండ్ ఫోన్లు మామూలయ్యే కొద్దీ హెచ్‌బీటీ ముందుకెళ్లింది.

సీమాస్, సిలికాన్ జర్మేనియం

సిలికాన్ జర్మేనియం ట్రాన్సిస్టర్ వేగంగా పనిచేస్తుంది కానీ బ్రేక్‌డౌన్ వోల్టేజీ (తట్టుకోగల గరిష్ఠ వోల్టేజీ) తక్కువ. 2 వాట్ల జీఎస్ఎం పీఏలో లోడ్ చెడితే కలెక్టర్ మీద సప్లైకి మూడింతలకు పైగా వోల్టేజీ లేస్తుంది, అక్కడ ఇది కష్టం. మామూలు డిజిటల్ చిప్‌లు చేసే సిలికాన్ ప్రాసెస్ అయిన సీమాస్‌కూ అదే ఇబ్బంది. అయినా చవక 2జీ ఫోన్లలో సీమాస్ చోటు సంపాదించుకుంది. కాలిఫోర్నియాలోని యాక్సియమ్ మైక్రోడివైసెస్ సీమాస్ జీఎస్ఎం పీఏ చేసింది, 2009లో స్కైవర్క్స్ దాన్ని కొనేసింది. హెచ్‌బీటీ మీద ఎదిగిన ఆర్‌ఎఫ్ మైక్రో డివైసెస్ కూడా 2012లో సీమాస్ పీఏలు చేసే అమాల్ఫీ సెమీకండక్టర్‌ను కొన్నది.

4జీ ఫోన్లలో మాత్రం లీనియారిటీ అవసరం మళ్లీ పెరిగింది. 2013లో సీమాస్ పీఏను ప్రకటించిన క్వాల్‌కామ్, 2017లో గాలియం ఆర్సెనైడ్ పీఏ మాడ్యూళ్లు ప్రకటించింది.

ఆర్‌ఎఫ్ మైక్రో డివైసెస్ డేటాషీట్ల మొదటి పేజీలో ఒక చిన్న గళ్ల పెట్టె ఉండేది. సిలికాన్ బైపోలార్, గాలియం ఆర్సెనైడ్ హెచ్‌బీటీ, గాలియం ఆర్సెనైడ్ మెస్‌ఫెట్, బైసీమాస్, సిలికాన్ జర్మేనియం, సీమాస్ అని రాసి, ఆ చిప్ దేనితో చేశారో అక్కడ టిక్కు పెట్టేవారు. పీఏకు హెచ్‌బీటీ, వేరే పనికి వేరే ప్రాసెస్. మా దృష్టిలో ఆ కంపెనీ బలం హెచ్‌బీటీ ఒక్కటే కాదు, ఆ టిక్కును ఎక్కడ పెట్టాలో తెలియడం కూడా.

పవర్ కంట్రోల్ ఎలా చేస్తుందో చూడండి

జీఎస్ఎం ఫోన్ 33 డీబీఎం నుంచి 5 డీబీఎం దాకా 2 డీబీ మెట్లలో పవర్ తగ్గించాలి. ప్రతి బర్స్ట్‌కూ, అంటే ఆ 577 మైక్రోసెకన్ల ప్రసారానికి, నిర్ణయించిన మాస్క్‌లో (పరిమితి గీతల్లో) ఇమిడేలా లేచి దిగాలి. పాత పద్ధతిలో అవుట్‌పుట్ దగ్గర కప్లర్ (పవర్‌లో కొద్ది భాగాన్ని కొలతకు తీసే విడిభాగం) పెట్టి, డయోడ్‌తో కొలిచి, లూప్‌తో సరిచేసేవారు. కొలత కచ్చితంగా ఉంటుంది కానీ విడిభాగాలు ఎక్కువ, కప్లర్ కొంత పవర్ తింటుంది, తక్కువ పవర్ దగ్గర డయోడ్ సరిగా చూడలేదు.

ఆర్‌ఎఫ్ మైక్రో డివైసెస్ పవర్‌స్టార్ పేరుతో తెచ్చిన మాడ్యూళ్లలో కప్లర్ లేదు. కలెక్టర్ వోల్టేజీనే నియంత్రిస్తారు. సాచురేషన్‌లో ఉన్న పీఏ అవుట్‌పుట్ ఆ వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, వోల్టేజీ తెలిస్తే పవర్ తెలిసినట్టే. ఫ్యాక్టరీలో క్యాలిబ్రేషన్ సులువు. దెబ్బతినే చోటు బ్యాటరీ తగ్గినప్పుడు. అడిగిన కలెక్టర్ వోల్టేజీ బ్యాటరీ ఇవ్వలేనంత ఉంటే లోపలి నియంత్రణ సాచురేట్ అయిపోతుంది. బర్స్ట్ అంచు ఒక్కసారిగా తెగుతుంది, 400 కిలోహెర్ట్జ్ దూరంలో స్విచింగ్ స్పెక్ట్రమ్ ఫెయిలవుతుంది. మందు ఒకటే: బ్యాటరీ వోల్టేజీ చదివి, తగ్గినప్పుడు రాంప్ (పవర్‌ను లేపి దించే కంట్రోల్ వోల్టేజీ) గరిష్ఠాన్ని సాఫ్ట్‌వేర్‌లో కిందికి దించాలి.

సీడీఎంఏకు మాత్రం గరిష్ఠ ఎఫిషియన్సీ చూసి ఎంచుకోకండి. బేస్ స్టేషన్ సెకనుకు 800 సార్లు పవర్ సరిదిద్దుతుంది, ఫోన్ ఎక్కువ సమయం తక్కువ పవర్‌లోనే గడుపుతుంది. అవుట్‌పుట్ 10 మిల్లీవాట్లు, పీఏ లాగేది 3.4 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపియర్లు అయితే ఎఫిషియన్సీ 3 శాతం. 28 డీబీఎం దగ్గర 40 శాతం ఇచ్చే చిప్ కన్నా, 36 శాతమే ఇచ్చినా తక్కువ పవర్‌లో 50 మిల్లీఆంపియర్లకు దిగగల బయాస్ మోడ్ ఉన్న చిప్ రోజంతా ఎక్కువ మాట్లాడనిస్తుంది.

డేటాషీట్‌లో ముందు చూడాల్సినవి

టిపికల్ కాలమ్ మీద డిజైన్ చేయకండి, మినిమమ్ చూడండి. ఎఫిషియన్సీ ఏ వోల్టేజీ, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో చూడండి. 3.5 వోల్టులు, 25 డిగ్రీలు అని ఉంటే, 3.2 వోల్టులు, 85 డిగ్రీల దగ్గర పవర్ ఎంతో విడిగా వెతకండి. డ్యూటీ 12.5 శాతంలో కొలిచినదైతే, 2జీ డేటా సేవ జీపీఆర్‌ఎస్‌లో రెండు స్లాట్లు పంపినప్పుడు వేడి రెట్టింపవుతుందని గుర్తుపెట్టుకోండి. లోడ్ ఎంత తప్పినా చావదు అన్న అంకె ఏ సప్లై దగ్గరదో కూడా ముఖ్యమే, ఎందుకంటే ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు సప్లై ఎక్కువగా ఉంటుంది.

సరఫరా ఎవరి చేతిలో ఉంది

ఆర్‌ఎఫ్ మైక్రో డివైసెస్ 1997 జూన్‌లో నాస్‌డాక్‌కు వెళ్లింది. 1998లో గ్రీన్స్‌బరోలో సొంత ఫ్యాబ్ నడిచింది. అప్పటిదాకా హెచ్‌బీటీ చిప్‌లన్నీ టీఆర్‌డబ్ల్యూ నుంచే రావాలి. డిజిటల్ ఫోన్ల గిరాకీ ఉవ్వెత్తున లేస్తున్నప్పుడు, వేరేవాళ్ల ఒక్క ఫ్యాబ్ మీద ఆధారపడితే ఆర్డర్లు ఉన్నా చిప్‌లు ఇవ్వలేరు. సొంత ఫ్యాబ్ ఆ ముడి విప్పింది. దానితోపాటు ఇంకో భారం వచ్చింది: ఫ్యాబ్ ఖర్చు తగ్గదు, నిండుగా నడవాలి. అమ్మకాల్లో పెద్ద వాటా ఒక్క నోకియాదే అయినప్పుడు, ఆ ఒక్క కొనుగోలుదారు వేగం తగ్గిస్తే ఫ్యాబ్ మొత్తానికి తగులుతుంది. తర్వాత 2015 జనవరిలో ఆ కంపెనీ పాత పోటీదారు ట్రైక్వింట్‌తో కలిసి కోర్వో అయింది.

కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఉంది. ఎంచుకునే ముందు ఆ చిప్‌ను ఎన్ని ఫ్యాబ్‌లు చేస్తాయో అడగండి. అదే ఫుట్‌ప్రింట్‌తో రెండో కంపెనీ చిప్ ఉందేమో చూసి బోర్డు గీయండి.

మీ పనికి ఏది

కొత్తగా 2జీ ట్రాకర్ చేస్తుంటే విడి పీఏ జోలికి వెళ్లకండి, మాడ్యూల్ తీసుకోండి. అప్పుడు మీరు ఎంచుకోవాల్సింది పవర్ సప్లై. సిమ్800 లాంటి మాడ్యూల్ 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య, బర్స్ట్‌లో 2 ఆంపియర్లు అడుగుతుంది. ఆర్డ్యునో బోర్డు 3.3 వోల్టుల పిన్ నుంచి ఇస్తే నెట్‌వర్క్ వెతికేటప్పుడు రీసెట్ అవుతూనే ఉంటుంది, తప్పు మాడ్యూల్‌ది కాదు. లిథియం సెల్ కానీ, 2 ఆంపియర్ల రెగ్యులేటర్ కానీ పెట్టి, మాడ్యూల్ పిన్ పక్కనే తక్కువ రెసిస్టెన్స్ ఉన్న 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని పక్కన 33 పికోఫారడ్ పెట్టండి. స్పీకర్‌లో వచ్చే గరగర సెకనుకు 217 సార్లు వచ్చే బర్స్ట్‌లదే. ఆడియో గ్రౌండ్‌ను పీఏ కరెంటు దారి నుంచి వేరు చేస్తే తగ్గుతుంది.

లీనియర్ సిగ్నల్ పంపే సొంత డిజైన్‌కు మా ఓటు హెచ్‌బీటీకే. ఎత్తు మారని సిగ్నల్, 1 గిగాహెర్ట్జ్ లోపు, యాంటెన్నా తరచు ఊడిపోయే చోటైతే ఎల్‌డీమాస్ తీసుకోండి. పాత డిప్లీషన్ మెస్‌ఫెట్‌ను కొత్త డిజైన్‌లో పెట్టడానికి మాకు కారణం కనబడదు.

పాత ఫోన్ రిపేరులో ఎంపికే లేదు: తీసిన నంబరే పెట్టాలి. ఫోన్ మెమరీలో ఉన్న క్యాలిబ్రేషన్ పట్టిక ఆ పీఏ రాంప్ కర్వ్‌కు కొలిచి రాసినది, ఇంకో కుటుంబం చిప్ పెడితే పవర్ మెట్లన్నీ తప్పుతాయి. మాన్యువల్‌గా వెతికితే నెట్‌వర్క్ పేర్లు కనబడుతూ, రిజిస్టర్ మాత్రం కాకపోతే రిసీవర్ బాగుందని, పంపే వైపు చూడాలని అర్థం. ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ దిగిపోతుంటే, బెంచ్ సప్లై కరెంటును 0.5 ఆంపియర్‌కు కట్టేసి 3.7 వోల్టులు ఇచ్చి పీఏ మీద వేలు పెట్టండి. బ్యాటరీకి తిన్నగా కలిసి ఉన్న పీఏ షార్ట్ అయితే వెంటనే వేడెక్కుతుంది. ఏళ్లు బయట పడి ఉన్న మాడ్యూల్ తేమ పీల్చుకుని ఉంటుంది, పెట్టేముందు 125 డిగ్రీల దగ్గర 24 గంటలు బేక్ చేయండి. లేకపోతే హాట్ ఎయిర్ తగలగానే లోపల పొర ఉబ్బి విడిపోతుంది.